నాలుగు గొంతుల పాటకు సువార్తమ్మ చెవి

క్రైస్తవుల గుడిలో గుంపుగా పాడే క్వయరుకు పాట నేర్పే పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసింది చిట్కాలు. దగ్గుకు మిరియాల కషాయం మంచిదా, పాటకు ముందు మజ్జిగ తాగొచ్చా, ఇట్లాంటివి. తాగండి, తాగకపోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ముప్పై మూడేళ్ళు ఈ పని చేసి నేను నేర్చుకున్నదంతా మొదటి ఎనిమిది నెలల్లోనే నేర్చుకున్నాను. అదీ సిగ్గుపడి నేర్చుకున్నాను. ఆ సంగతే రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొర ఏ కాగితం మీద మెచ్చుకున్నాడు అనేవి ఇందులో ఉండవు.

ఉద్యోగంలో ఎట్లా చేరానంటే

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. నా జతగాళ్ళలో టైపు వచ్చిన ప్రతివాడూ అక్కడికి పోయి గుమాస్తా అయ్యాడు. నాకు టైపు రాదు. హార్మోనియం వచ్చు, గొంతు ఫరవాలేదు. మద్రాసులో టీచరు ట్రైనింగు చదివినప్పుడు ఆరు నెలలు ఒక పెద్ద గుడి క్వయరులో వెనక వరసలో నిలబడ్డాను. నా సంగీత విద్య అంతే.

బద్వేలు దారిలో ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి మిషను కాంపౌండులో క్వయరు మాస్టరు కావాలని తెలిసి పోయాను. ఆ కాంపౌండును నడిపే ఆమెను అందరూ పెద్ద మిస్సమ్మ అనేవాళ్ళు. అరవై దాటిన దొరసాని, ఎండకు ఎర్రబడిన ముఖం, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. తెలుగు ఒక పాతకాలపు మున్షీ దగ్గర నేర్చుకున్నదట. అందుకని కూరగాయలు కొన్నా పుస్తకం చదివినట్టే మాట్లాడేది.

"నీవు నాలుగు స్వరభాగములతో కూడిన గానమును నేర్పగలవా?" అని అడిగింది.

"నేర్పగలనమ్మా. మద్రాసులో నేర్పినాను" అన్నాను.

ఇది పచ్చి అబద్ధం. నేర్పలేదు సరికదా, నాలుగు భాగాలూ కలిసి పాడుతుంటే అందులో ఏది తప్పు పోతోందో నాకు వినపడేది కాదు. ఒక్క గొంతు విడిగా పాడితే తప్పు పట్టగలను. నలుగురు నాలుగు దారుల్లో పోతే నాకు సంత మధ్యలో నిలబడినట్టే ఉండేది. క్వయరు మాస్టరుకు ఈ చెవి లేకపోవడమంటే వంటమనిషికి నాలుక లేకపోవడమే. కాని ఇంట్లో అమ్మ ఉంది, ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. అబద్ధం ఆడాను, ఉద్యోగం వచ్చింది. ఒక ఏడాది పని చూసి ఖాయం చేస్తామన్నారు.

పాటను కింద పడనీయని జనం

మిస్సమ్మ ట్రంకు పెట్టెలోంచి ఒక పాత పుస్తకం తీసింది. రెండువందల ఏళ్ళ కిందట జర్మనీ దేశంలో ఒక ఆర్గన్ వాయించే ఆయన తన గుడి ఆరాధన కోసం కట్టిన పాట. ఆ కాలపు సంగీతాన్ని బరోక్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వచ్చే మంచి శుక్రవారం ఆరాధనలో మన క్వయరు ఈ పాట పాడాలి, మద్రాసు నుంచి సంఘ పెద్దలు వస్తారు, అంది. వాళ్ళ ఎదుట పాట కూలిపోతే నా ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుందని నాకు చెప్పనక్కరలేకుండా తెలిసింది.

మాటలు కొన్నే. "ప్రభువా, మమ్ము కనికరించు" అని తెలుగులో పెట్టుకున్నాం. ఆ ఒక్క ముక్కనే ఆడవాళ్ళ పై గొంతులు మొదలుపెడతాయి. తాళంలో నాలుగు దెబ్బలు పోయాక ఆడవాళ్ళ కింది గొంతులు అదే వరస అందుకుంటాయి. తర్వాత మగవాళ్ళ పై గొంతులు, చివర అడుగు గొంతులు. మొదలుపెట్టినవాళ్ళు ఈలోగా వేరే దారి పట్టి పోతుంటారు. మధ్యలో ఒక్కో గుంపు పది పన్నెండు దెబ్బలు మౌనంగా ఆగి, మళ్ళీ లేవాలి.

మా క్వయరులో ఇరవై రెండు మంది. సగం మంది పేటలో ముతక బట్ట నేసేవాళ్ళు, మిగతావాళ్ళు కూలికి పోయేవాళ్ళు, ఒకరిద్దరు బడి టీచర్లు. సాయంత్రం మగ్గాలు దిగి, ముఖాలు కడుక్కుని, వెలుతురు ఉండగానే బడి కొట్టంలోకి వచ్చేవాళ్ళు. అడుగు గొంతుల్లో యాకోబన్న అని ఒక బండి తోలే ఆయన ఉండేవాడు. ఆయన ఎద్దులను అదిలిస్తే పక్క వీధిలో ఎద్దులు కూడా కదిలేవి, అంత గొంతు.

పంతులును ఐవారు అనే ఊరది, మొదటి రోజే ఆయన అడిగాడు. "ఏమప్పా ఐవారా, ఒగే మాట ముప్పై తూర్లు అడగాల్నా? దేవునికి చెవుడా ఏమి?"

"చెవుడు ఆయప్పకి కాదులే, మనకి" అంది ఆడవాళ్ళ వరసలోంచి ఒకామె. ఆమె సువార్తమ్మ. నలభై ఏళ్ళుంటాయి, నేతగత్తె, మొగుడు పోయి చాలా కాలమైంది. కింది గొంతులతో పాడేది.

అసలు తంటా మాటలతో కాదు, మౌనంతో వచ్చింది. మనవాళ్ళకు కీర్తన పాడటం ఎట్లా అలవాటంటే, పక్కవాడు ఆగాడంటే మరిచిపోయాడని లెక్క. వెంటనే మనం అందుకోవాలి. పాట కింద పడగూడదు. పక్కవాణ్ణి నలుగురిలో సిగ్గుపడనీయగూడదు. ఇది మన మర్యాద, దీన్ని నేను ఇప్పటికీ తప్పనను. కాని ఈ జర్మనీ పాటలో ఆడవాళ్ళు రాసినట్టే పన్నెండు దెబ్బలు ఆగేసరికి, అయ్యో పాపం మరిచిపోయినారని యాకోబన్న తన వరస వదిలి వాళ్ళ వరస అందుకునేవాడు. ఆయన వరస కింద పడిందని ఇంకొకరు దాన్ని అందుకునేవాళ్ళు. నిమిషంలో అందరూ అందరికీ సాయం చేసేవాళ్ళు. పాట మాత్రం గంగలో కలిసేది.

"ఆగమని రాసుంది యాకోబన్నా! వాళ్ళు మరిచిపోలేదు!"

"ఆడోళ్ళు అట్ల నోర్లు మూసుకోని నిలబడితే సూస్తా ఊరకుండేకి మనసెట్ల ఒప్పుతాది సార్?"

రెండు వారాలు అరిచాను, బోర్డు మీద గీతలు గీశాను, ఏమీ లాభం లేకపోయింది. చివరికి సువార్తమ్మే యాకోబన్నకు తేల్చి చెప్పింది. "అన్నా, మగ్గం తొక్కితే సగం పోగులు పైకి లేస్తాయి, సగం కిందనే ఉంటాయి. కిందుండేటివి ఊరక పండుకున్నట్టా? అవి గమ్మునుంటేనే గదా నడుమ నూలు పట్టుకోని నాడె పోయేది. నువ్వు అన్నీ పైకి లేపితే గుడ్డ యాడ నేస్తావు?" అంది. ఆ పేటలో పుట్టినవాడికి ఇంక బోర్డు అక్కర్లేదు. ఆ రోజు నుంచి మౌనం నిలబడింది.

మీకు చెప్పేదేమంటే, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తుంటే ముందు అది ఏ మంచి అలవాటులోంచి వస్తోందో చూడండి. నేను చూడలేదు. ఆమె చూసింది.

పాము చెవులు

మౌనం కుదిరాక అసలు భయం మొదలైంది. నాలుగు గొంతులూ కలిపి పాడించాలి, తప్పు పట్టాలి. నాకా వినపడదు. చెమటలు పట్టి నిలబడి ఉండగా ఒక సంగతి కనిపెట్టాను. ఎక్కడ ఎవరి శ్రుతి జారినా, సువార్తమ్మ ముఖం అన్నంలో రాయి తగిలినట్టు అయ్యేది. తల కూడా ఆ జారిన గుంపు వైపు కొద్దిగా తిరిగేది.

ఇంక చూసుకోండి నా దర్జా. కళ్ళు ఆమె ముఖం మీద, చెయ్యి గాలిలో. ఆమె ముఖం ముడుచుకోగానే "ఆపండి! మగవాళ్ళ పై గొంతులు, మళ్ళీ!" అని కేకపెట్టేవాణ్ణి. విడిగా పాడించి చూస్తే నిజంగానే తప్పుండేది. అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"మా ఐవారివి పాము చెవులప్పా!" అని యాకోబన్న ఊరంతా చెప్పుకొచ్చాడు. మిస్సమ్మ కూడా ఒకసారి వచ్చి కూర్చుని, విని, "మిగుల సంతోషము" అని పోయింది. నేను మాత్రం ప్రతి సాయంత్రం కొట్టంలోకి పోగానే ముందు సువార్తమ్మ వచ్చిందా లేదా అని చూసేవాణ్ణి. ఆమెకు జ్వరమొస్తే ఏం గతి? ఆమె ఒకనాడు అటు తిరిగి నిలబడితే?

ఆమెను తీసేసిన వారం

మంచి శుక్రవారానికి ఇంకా ఆరు వారాలుందనగా మిస్సమ్మ ఒక మాట చెప్పింది. క్వయరులో ప్రతివాళ్ళూ కాగితం చేతిలో పట్టుకుని, చదివి పాడాలి. చదువు రానివాళ్ళు నిలబడకూడదు. ఆమె ఉద్దేశం చెడ్డది కాదు. మూడు నెలల ముందే పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి పెట్టింది, క్వయరు కోసమైనా అందరూ వస్తారని ఆశ. నిజంగానే అందరూ పోయి అప్పటికి నేర్చుకున్నారు కూడా. ఒక్క సువార్తమ్మ పోలేదు. ఏ వరసైనా ఒక్కసారి వింటే ఆమెకు వచ్చేసేది. కాగితంతో ఆమెకు పనేముంది?

అప్పుడే నేను నోరు తెరవాల్సింది. "అమ్మా, ఆమె లేకపోతే నేను లేను" అనాల్సింది. అనలేదు. అంటే ఎందుకని అడుగుతుంది. నేనే పోయి సువార్తమ్మకు చెప్పాను, అదీ మిస్సమ్మ ఆర్డరని తప్పు ఆమె మీదికి తోసి.

"సరేలే ఐవారా" అంది ఆమె. "నాకూ మగ్గం కాడ శానా పని ఉండాది." కోపం లేదు, నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

మరుసటి సాయంత్రం పాట మొదలుపెట్టాం. ఎక్కడో ఏదో కుళ్ళిపోయింది, అంతవరకు తెలుస్తోంది. ఎవరిదో తెలీదు. ఆమె నిలబడే చోటు ఖాళీగా ఉంది. అందరూ నా పాము చెవుల కోసం చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కదా, "యాకోబన్నా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చెవులున్నాయా లేవా?" అని అరిచాను.

ఆయన కాగితం మడిచాడు. "ఐవారా, నేను తప్పు పాడలా. నా ఎద్దుల మీద ఒట్టు. మీరు సదువుకున్నోళ్ళు, ఏమన్నా అనొచ్చు. ఈడ నా పని అయిపోయిండాది" అని కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పక్కనున్న బడి టీచరు, తలవంచుకుని, "సార్, తప్పు పాడింది నేను" అన్నాడు.

తప్పు ఎక్కడుందో తెలియనివాడే అందరికంటే గట్టిగా తిడతాడు. తర్వాత నా పై అధికారుల్లో కూడా ఇదే చూశాను. ఎవరైనా మీ మీద మరీ గట్టిగా అరుస్తుంటే, ఆయనకు పని తెలుసా అని ఒకసారి అనుమానించండి. మీరే అరుస్తుంటే మిమ్మల్ని అనుమానించుకోండి.

చెప్పేశాను

తెల్లారి నేరుగా మిస్సమ్మ వరండాలోకి పోయాను. ఆమె హార్మోనియం తుడుస్తోంది. కూర్చోకుండానే మొదలుపెట్టి, మద్రాసు అబద్ధం, నా చెవి, సువార్తమ్మ ముఖం, యాకోబన్నను అన్న మాట, అన్నీ చెప్పేశాను.

"అనగా, నీవు అసత్యమాడి ఈ ఉద్యోగమును సంపాదించితివి."

"అవునమ్మా."

"ఏడు మాసములు నన్ను వంచించితివి."

"అవునమ్మా."

తాళాల గుత్తి బల్ల మీద కొట్టింది. ముఖం ఇంకా ఎర్రబడింది. "నీ సంగతి శుక్రవారము తరువాత చూచెదను. ముందు ఆ స్త్రీని పిలుచుకొని రమ్ము" అంది.

ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాను. అయినా ఆ వరండా మెట్లు దిగుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నెత్తిమీది గడ్డిమోపు దించినట్టుంది. దారిలో ఒక ఇంట్లో పిలిచి రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెడితే రెండు ముద్దలు తిన్నాను. ఏడు నెలల్లో రుచి తెలిసి తిన్న మొదటి తిండి అది.

సువార్తమ్మ గుంట మగ్గంలో ఉంది. "అక్కా, మిస్సమ్మ రమ్మంటాంది. నాకు చెవి లేదని చెప్పేసినా" అన్నాను.

ఆమె నాడె ఆపింది. "చెప్పేస్తివా? బతికిస్తివి నాయనా. నా మొగం జూసి నువ్వు అరుస్తాండావని మొదటి నెలలోనే కనుక్కుంటి. ఈ పిల్లోనికి ఉద్యోగం యాడ పోతాదోనని, తప్పు వస్తే ఇంకా రోంత గట్టిగా మొగం పెడ్తి. నా మొగం నొప్పులు నీకేం తెల్సు?"

నేను దొంగతనంగా చూస్తున్నాననుకున్నదంతా ఆమె కావాలని ఇస్తున్నదే. అట్లాంటి మనిషిని నేను కాగితం చదవలేదని బయటికి పంపాను. ఆ మగ్గం గుంట పక్కనే కూర్చుని ఏడ్చాను. సిగ్గుకు కొంత, గుండె తేలికై కొంత.

"లే, లే. మగ్గం మీద కన్నీళ్ళు పడితే పోగులు తెగుతాయి" అని ఆమె పైట దులుపుకుని లేచింది.

మిస్సమ్మ నమ్మలేదు. పరీక్ష పెట్టింది. హార్మోనియం మీద పాట వాయిస్తూ మధ్యలో కావాలని ఒక తప్పు మెట్టు నొక్కింది. సువార్తమ్మ ముఖం ముడుచుకుంది. మళ్ళీ ఇంకోచోట నొక్కింది. మళ్ళీ ముడుచుకుంది. మూడోసారి మిస్సమ్మ ఏ తప్పూ చేయకుండా చక్కగా వాయించింది. అయినా సువార్తమ్మ ముఖం పెట్టింది.

"ఇప్పుడు నేను తప్పు వాయింపలేదు" అంది మిస్సమ్మ గెలిచినట్టు.

"నువ్వు వాయించలేదమ్మా. ఆ మెట్టుకే ఏమో జబ్బు చేసిండాది."

మూత తీసి చూస్తే లోపల ఆ మెట్టు రేకు దగ్గర కందిరీగ కట్టిన మట్టి గూడు. మిస్సమ్మ పుల్లతో ఆ గూడును గోకి తీసేసింది. ఆ పెట్టెను ఎన్నేళ్ళనుంచి వాయిస్తోందో మరి! తర్వాత కాగితం సంగతి ఆమె ఎత్తలేదు.

యాకోబన్న ఇంటికి పోయి, ఆయన బండి కట్టుకుంటుండగా, ఎద్దుల ముందే తప్పు ఒప్పుకున్నాను. "నాకు కాదు, వాటికి చెప్పు సార్, ఒట్టు వాటి మీదే గదా పెట్టింటి" అన్నాడు. ఎద్దులకూ చెప్పాను. సాయంత్రం వచ్చాడు.

శుక్రవారం

నన్ను అడుగు గొంతుల వరసలో, యాకోబన్న పక్కన నిలబడమంది మిస్సమ్మ. సువార్తమ్మను ముందు నిలబెడదామంటే ఒప్పుకోలేదు. "బలిపీఠానికి ఈపు జేసి, మగోళ్ళ ముందర చేతులు ఊపేదా? నా వల్ల కాదు" అంది. చివరికి ముందు చాప మీద పక్కకు తిరిగి కూర్చుంది. తొడ మీద చేత్తో తాళం, మా అందరి కళ్ళూ ఆమె ముఖం మీద.

ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. ఆ రోజు ఆరాధన క్రమంలో క్వయరు మాస్టరని నా పేరే రాశారు. తర్వాత కూడా ప్రతి ఏడూ నా పేరే ఉంది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. దిద్దించవచ్చు, నేను దిద్దించలేదు. ఇది నా తప్పే, వయసు మీద తోయను.

మిట్టమధ్యాహ్నం. నాపబండల గుడి కాలుతోంది, తాటాకు విసనకర్రల చప్పుడు. మద్రాసు పెద్దలు కుర్చీల్లో, జనం నేల మీద. పై గొంతులు ఎత్తుకున్నాయి, కింది గొంతులు అందుకున్నాయి. నా పని నా వరస పాడటమే, ఇంకెవరి తప్పూ నా నెత్తిన లేదు. పన్నెండు దెబ్బలు మేం ఆగవలసిన చోట ఆగి నిలబడి ఉండగా, ఉన్నట్టుండి నాకు వినపడింది. మూడు గొంతులు మూడు దారుల్లో పోతున్నాయి, ఏది ఏదో స్పష్టంగా, వేళ్ళతో లెక్క పెట్టినంత విడివిడిగా తెలుస్తోంది. భయంతో ఎప్పుడూ వినలేదు కాబోలు. యాకోబన్న మోచేత్తో పొడిచాడు, మా వరస మొదలవుతోందని.

పాట నిలబడింది. చివరికి వచ్చేసరికి శ్రుతి కొంచెం కిందికి దిగింది కాని, అందరం కలిసే దిగాం.

ఆరాధన అయ్యాక అందరం గుడి వెనక నీడలో నిలబడ్డాం. కుండలోంచి నీళ్ళు పోస్తున్నారు. మిస్సమ్మ మద్రాసు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె నావైపు చూడలేదు. నేరుగా సువార్తమ్మ ముందు నిలబడి అడిగింది. "సత్యము చెప్పుము. ఎవరైనను తప్పు పాడిరా?"

సువార్తమ్మ మమ్మల్నందరినీ ఒకసారి చూసింది.

"అందరూ బాగనే పాడినారమ్మా" అంది. "ఐవారే రెండు తావుల జారినాడు."

మొదట నవ్వింది యాకోబన్న. మంచి శుక్రవారమని కూడా చూడకుండా, బండి తోలే గొంతుతో నవ్వాడు. తర్వాత ఆడవాళ్ళు, తర్వాత నేను. ఎనిమిది నెలలుగా ఏ మాట ఎవరి నోట వస్తుందోనని చచ్చాను, ఆ మాట పెద్దల ముందే వచ్చేసింది, నేను బతికే ఉన్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

మిస్సమ్మ మాత్రం నవ్వలేదు. "అటులైన సోమవారము మొదలుకొని ఇతడు నీ యొద్ద నేర్చుకొనవలెను. ఇతని ఉద్యోగము ఖాయము చేయుటకు నీవు సరియనిన తరువాతనే సంతకము పెట్టెదను" అని పెద్దలతో ముందుకు నడిచింది.

సోమవారం పొద్దున మగ్గం పక్కన పోయి కూర్చున్నాను. ఎక్కడ జారానో చూపిద్దామని వరస ఎత్తుకోబోయాను. సువార్తమ్మ నాడె ఆపకుండానే అంది, "ఐవారా, ముందు నోరు మూసుకోని ఇను."

మూసుకున్నాను.